జనాన్ని కూసోబెట్టిన మనిషి

మా మైకు మామ పోయిండు. మంగళవారం పొద్దుగాల చాయ తాగుకుంటనే గుండె పట్టుకున్నడట, దవాఖానకు తీస్కపోయే తొవ్వలనే అయిపోయిందట. నాకా సంగతి మా వాడ వాట్సాప్ గ్రూపుల తెలిసింది. ఒక ఫొటో, దాని కింద వరుసగ దండాల బొమ్మలు. నలభై ఏండ్లు వరంగల్లు చుట్టుపట్ల ఏ కబురైనా మైకుల చెప్పిన మనిషి ఆయన. ఆయన కబురు మాత్రం ఫోన్ల సప్పుడు లేకుంట వచ్చింది. నేనప్పుడు కాలేజీల అటెండెన్స్ తీసుకుంటాన్న. సగం పేర్లకాడనే ఆగిపోయిన.

మామ అంటే చుట్టం కాదు. హన్మకొండల మాది ఆయనది ఒకటే గోడ. మా అమ్మ ఆయనను అన్నా అని పిలిచేది, నాకు మామ అయిండు. ఆయన భార్య అత్త అయింది. మైకు సెట్లు కిరాయికిచ్చుడు ఆయన పని. తల్లి జాతర వచ్చిందంటే మాత్రం అన్నీ ఇడిచిపెట్టి, తప్పిపోయినోళ్ల డేరాల మైకు ముందట కూసునేటోడు. మీల ఎవరన్న జాతరకు పోయి ఉంటే ఆ గొంతు ఇనే ఉంటరు. లొల్లి పెట్టే గొంతు కాదు. బుగ్గల లవంగం పెట్టుకొని, పక్కింటామెతోని మాట్లాడినట్టు మాట్లాడేది.

"వర్ధన్నపేట కెల్లి వచ్చినోళ్లు జర ఇనుండ్రి. మీ అవ్వ నా కాడ సల్లగ కూసోని చాయ తాగుతాంది. ఆమె తప్పిపోలే, మీరే తప్పిపోయిండ్రు. జల్ది వచ్చి ఆమెకు దొరుకుండ్రి."

ఇట్లుండేది ఆయన కత. చిన్నప్పుడు నేను ఒకసారి అడిగిన, పేరు ముందు చెప్పవేంది మామా అని. "ఎల్లమ్మలు వెయ్యిమంది ఉంటరు బిడ్డా. పేరు చెప్తే వెయ్యిమంది పరేషాన్ అయితరు. ఊరు చెప్పినవనుకో, ఆ ఊరోళ్లందరు చెవులు నిక్కబెడుతరు" అన్నడు. నాకు మాట నేర్పింది గూడ ఆయనే. ఎనిమిదో తరగతిల ప్రతిజ్ఞ చదువుమంటే గజగజ వణికిన. ఇంటికొచ్చి ఏడుస్తాంటే మైకు తెచ్చి చేతిల పెట్టిండు. "మైకు దిక్కు సూడకు. ఆఖరి వరుసల ఒక ముసలామె కూసున్నదనుకో, ఆమెకు చెప్పు." ఇయ్యాల అరవై మంది పిల్లల ముందట నిలబడి ఇంగ్లీషు పాఠం చెప్తాన్నంటే ఆ ముసలామెకే చెప్తాన్న.

ఆయన కాడ ఒక విద్య ఉండె. జాతర లైన్ల నూకులాట మొదలైందంటే పోలీసులు లాఠీలు పట్టుకొని "ఎనుకకు జరుగుండ్రి" అని మొత్తుకుంటరు. మామ అట్లనకపోయేది. "ముందటోనికి జరగ జాగుండదు, ఎనుకటోనికి ఇనబడదు. జరుగుమంటే ఏమైతది? కూసోబెట్టాలె. కూసున్నోడు నూకడు" అనేటోడు. మైకుల నెమ్మదిగ, "తల్లి పేరు మీద ఒక్కసారి అందరు కూసోండ్రి" అంటే చాలు. వేలమంది ఉన్నకాడనే కూలబడేటోళ్లు. ఊపిరాడేది. మెల్లగ లేపి పంపేటోడు. మా దిక్కు ఊర్లోళ్లకు అది అలవాటైపోయింది. ఆ గొంతు కూసోండ్రి అంటే ఎందుకని అడగరు, కూసుంటరు.

గా అలవాటే కొంప ముంచింది.

మూడేండ్ల కింద మా ఊర్ల దేశమంతటి జట్లతోని ఫుట్‌బాల్ పోటీలు పెట్టిండ్రు. వరంగల్లుకు ఫుట్‌బాల్ ఏంది అని నవ్వుకున్నం. నవ్వినోళ్లమే నోర్లు తెరిచినం. కాజీపేటల ఏ రైలు ఆగినా జెండాలే దిగుతానయి. కేరళోళ్లు డప్పులతోని, బెంగాలోళ్లు బూరలతోని, ముఖాలకు రంగులు పూసుకొని రోడ్ల మీద ఎగురుకుంట పోతాండ్రు. లాడ్జీలు నిండినయి, ఫంక్షన్ హాళ్లు నిండినయి. ఇడ్లీ బండ్లకాడ పది గొట్టంగనే చట్నీ లేదు. చౌరస్తాల బట్టల షాపు సేట్లు గూడ పసుపు పచ్చ టీషర్టులు తెప్పించిండ్రు. మా అత్త అరుగు మీద మజ్జిగ బిందె పెట్టుకొని, వచ్చే పోయే పిల్లలకు పోసి, "ఏ ఊరు బిడ్డా మీది?" అని తెలుగులనే అడిగేది. వాళ్లు వాళ్ల భాషల జవాబు చెప్పేటోళ్లు. ఇద్దరికీ ఏం ఫికర్ లేకుండె.

గ్రౌండుల మైకు మామకే ఇచ్చిండ్రు. జనాన్ని సంభాళించుడు ఆయన కన్న ఎవలకెరుక? మామ రెండు రోజులు స్టేషన్ కాడ నిలబడి ఆ జనాన్ని చూసొచ్చిండు.

"మంచి జనమే. గని తొందర జనం" అన్నడు. "జాతరకొచ్చినోడు దర్శనం ఇయ్యాల కాకపోతే రేపంటడు, ఆగుతడు. వీళ్లకు ఐదింటికి ఆట అంటే ఐదింటికే. నాకు బుగులైతాంది బిడ్డా. వీళ్లకు నా మాట తెల్వదు. నువ్వు నా పక్కన ఉండాలె."

నేను ఉంటనన్న. దవాఖానల పనిచేసే కేరళ నర్సును అడిగి "ఎల్లావరుం ఇరిక్కూ" అని కాగితం మీద రాసుకొచ్చిన. అందరు కూసోండ్రి అని దాని అర్థం. ఇంకొక బెంగాలీ ముక్క, ఇంకొకటి హిందీది. నువ్వే నేర్చుకోరాదా మామా అంటే ఒప్పుకోలే. "నా నోట్ల అది వంకర పోతది. జనం నవ్వుతరు. నవ్వుకుంట నూకుతరు. నువ్వైతే సాఫ్‌గ అంటవ్." మూడు రోజులు వాళ్ల డాబా మీద ప్రాక్టీసు చేసినం. ఆయన మాట అయిపోయీ అయిపోకముందే నేను అందుకోవాలె. అది ఒక్కటే నా పని.

సెమీఫైనల్ రోజు గేట్లు ఆలస్యంగ తెరిచిండ్రు. మూడో గేటు తెరువనే లేదు. మామ మూడుసార్లు చెప్పి పంపిండు, తెరువుండ్రి అని. ఎవలు ఇనలే. నాలుగున్నర అయితాంది. కింద పార్కింగుల కేరళ డప్పులోళ్లు దంచి కొడుతాండ్రు. నేను మామకు చెప్పకుంటనే మైకు రూము నుంచి దిగిపోయిన. పది నిమిషాలే కదా అనుకున్న. వాళ్లు నా మెడల కండువా వేసిండ్రు, చెంపలకు రంగు పూసిండ్రు. నేను ఎగురుకుంట వీడియో తీసుకున్న, స్టేటస్ పెట్టుకున్న. కాగితం నా బ్యాగులనే ఉన్నది.

అప్పుడే రెండో గేటు కాడ నూకులాట మొదలైందట, మైకుల మామ గొంతు ఇనబడ్డది. "అందరు ఒక్కసారి ఉన్నకాడనే కూసోండ్రి."

ఉరికిన. రెండో గేటు కాడ ముందటున్నది మా ఊర్లోళ్లు. ఆ గొంతు ఇన్నరు, టక్కున కూసున్నరు. ఎనుకున్నది కేరళ పిల్లలు. వాళ్లకు ముందట ఖాళీ అయినట్టు కనబడ్డది, గేటు తెరిచిండ్రనుకొని ఒక్కసారే కూసున్నోళ్ల మీదికి వచ్చిండ్రు. మామ పైనుంచి చూస్తాండు. పక్కకు తిరిగి నా కుర్చీ దిక్కు చూసిండట. తర్వాత "బైఠో, బైఠో" అని హిందీల మొత్తుకున్నడు. జన్మల మొదటిసారి మైకుల మొత్తుకున్నడు. ఆ పిల్లలకు అదీ తెల్వలే.

ప్రాణాలు పోలే. అందుకు ఎవరికి మొక్కాల్నో గని పోలే. దెబ్బలు చానమందికి తాకినయి. రఘునాథపల్లి రైతు ఒకాయన, మనుమరాలు ఆట చూస్తనంటే తోలుకొచ్చినాయన, ఆయన తుంటి ఇరిగింది. సంగతి తెలిసినంక కేరళ పిల్లలే వాళ్ల పెద్ద జెండాను జోలె చేసి, అండ్ల ఆయనను పండబెట్టి అంబులెన్సు దాకా మోసిండ్రు. ఒక పిల్లగాడు ఎక్కెక్కి ఏడుస్తాండు. వాని తప్పేమున్నది?

రెండు రోజులకు పోటీలు పెట్టిన పెద్దమనుషులు మమ్ములను పిలిచి అడిగిండ్రు. జనాన్ని కూసోమన్నది ఎవరని. నేనే అన్నడు మామ. మరి వేరే భాషల చెప్పేటామె ఉండాలె కదా, ఏమాయె అన్నరు. మామ నా దిక్కు సూడనన్న సూడలే.

"ఉన్నది సారు. నేనే తొందరపడ్డ. ఆమె అందుకునే దాకా ఆగలే."

నేను గోడకానుకొని నిలబడ్డ. నోరు తెరువలే. బయటికొచ్చినంక మామా అన్ననో లేదో, "నీ నౌకరి పర్మనెంట్ కాగితం ఇంకా రాలే కదా బిడ్డా. ఊకో. నాకు మైకు పోతే అంతే పోతది" అన్నడు. ఊకొమ్మన్నడు, ఊకున్న. ఎంత సులువుగ ఊకున్ననో ఇప్పుడు తలుసుకుంటే నా మీద నాకే అసహ్యం.

అంతే అన్నడు గని, ఆ అంతే ఆయనకు అంతా. మొన్న జాతరకు పిలువలే. డేరాల వేరేటోడు కూసున్నడు. మామ టీవీల చూసుకుంట, "ఊరు చెప్పురా, ఊరు చెప్పు" అని టీవీతోని అంటాండట. గోడవతల అత్త గొంతు నాకు సాఫ్‌గ ఇనబడేది. "నిన్నెవలు కూసోమని చెప్పుమన్నరయ్యా? నీ నోరే నీ కొంప ముంచింది. ఆ రైతు ఉసురు తగిలింది నీకు." మామ ఒక్క మాట ఎదురు అనకపోయేది. నెలకొకసారి బస్సెక్కి రఘునాథపల్లికి పోయి ఆ రైతు మంచం కాడ కూసోని వచ్చేటోడు. నాకు కాగితం వచ్చింది, జీతం పెరిగింది. నేను మాత్రం ఎనుక గల్లీ నుంచి పోవుడు అలవాటు చేసుకున్న. ఎదురుపడితే ఆయనే నవ్వి, "గొంతు బాగున్నదా బిడ్డా?" అనేటోడు.

ఈ నాలుగు మాటలు ఆయన గొప్ప చెప్పనీకి రాస్తలే. ఆయనకు గొప్ప అక్కెరలేదు. ఆ తప్పు ఆయనది కాదని ఈ ఊరికి ఎరుక కావాలె, అందుకు రాస్తాన్న. ఆయన బతికున్నప్పుడు రాయాల్సింది.

పదకొండో రోజు చుట్టాలందరు పోయినంక అత్త కాడికి పోయిన. ఉతికి ఆరేసిన దుప్పట్లు కుప్ప ఉన్నయి. ఒక కొస నాకిచ్చింది, ఒక కొస ఆమె పట్టుకున్నది. మడతపెట్టుకుంటనే చెప్పిన. డప్పులు, స్టేటస్, కాగితం, అన్నీ చెప్పిన. అత్త చేతులు ఆగినయి.

"అయితే ఆయన తప్పు కాదా?"

"కాదత్తా. నాది."

తిడుతదనుకున్న. తిట్టినా బాగుండు.

"మూడేండ్ల సంది నేను ఆయననే తిట్టిన కదనే" అన్నది. "అన్నం పెట్టుకుంట తిట్టిన. ఆ మంగళవారం పొద్దుగాల చాయ ఇచ్చుకుంట గూడ తిట్టిన."

ఆమె తన కొస ఇడిచిపెట్టి, ఫొటో ఉన్న అర్రలకు పోయి తలుపు దగ్గరికేసుకున్నది. నేను నా రెండు మూలలు పట్టుకొని అట్లనే నిలబడ్డ. దుప్పటి అవతలి కొస నేల మీద పడి ఉన్నది.