ఒకే వేలు, నూట ఎనిమిది సార్లు

రాయడం రానివాళ్ళ చేత రామకోటి రాయించడానికి ఒక పద్ధతి కనిపెట్టింది నేనే. తెల్లకాగితం మీద బద్ద పెట్టి గళ్ళు గీసేవాణ్ణి. పైన శ్రీరామ అని రాసేవాణ్ణి. పక్కన స్టాంపు ప్యాడు పెట్టి, "నోటితో నామం అనండి, గడిలో వేలు వెయ్యండి. మీరు రాసినట్టే" అనేవాణ్ణి. భావనపాడు ఆడవాళ్ళకి ఇది బాగా నచ్చింది. శనివారం భజన అయ్యాక వరసగా కూర్చుని గళ్ళన్నీ నింపేసేవారు. టెక్కలిలో అర్చకత్వం చేసే మా నాన్నగారు, "దీనికి శాస్త్రం ఒప్పుతుందా?" అని ఒకసారి అడిగారు. "మనసు ఒప్పింది నాన్నగారూ" అన్నాను. అప్పట్లో నాకు ఇలాంటి జవాబులు వెంటనే వచ్చేవి.

ఇది అరవైల చివరి మాట. నేను టెక్కలిలో తెలుగు మేష్టర్ని. శనివారం బడి వదలగానే సాయంత్రం బస్సెక్కి, నౌపడా ఉప్పు మళ్ళు దాటి, సముద్రం ఒడ్డున భావనపాడు చేరేవాణ్ణి. పురాణం చెప్పి, భజన చేయించి, అక్కడి రామమందిరంలోనే పడుకునేవాణ్ణి. బస్సు కూడా రాత్రికి అక్కడే ఆగేది. ఆదివారం వేకువన అదే బస్సులో వెనక్కి వచ్చేవాణ్ణి. అది టెక్కలి మీదుగా పలాస వెళ్ళేది. ఊళ్ళోవాళ్ళు దాన్ని తెల్లారి బస్సు అనేవారు.

తెల్లారి బస్సులో మనుషుల కంటే చేపల తట్టలు ఎక్కువ. టాపు మీద పెట్టిన తట్టల్లోంచి నీళ్ళు కారి కిటికీల వెంట లోపలికి వచ్చేవి. ఎండాకాలంలో కూడా మేము కిటికీలు మూసుకునే ప్రయాణం చేసేవాళ్ళం. ఒక శనివారం నేను, స్వామిని నది దాటించి కూలి పుచ్చుకోని పడవవాడి కథ చెప్పాను. మర్నాడు బస్సులో ఒకావిడ కండక్టరుని పట్టుకుంది.

"ఇన్నావా బావా? ఆ పడవోడు రాములోరి కాడ కూలి తీసుకోనేదంట. నువ్వేటి, తట్టకి కూడా టిక్కట్టంతావు?"

"రాములోర్ని ఎక్కమను, నానూ అడగను. నువ్వు సందువా సేపల్తో ఎక్కినావు. ముందు తట్టకి తియ్యి."

"అయితే నా టిక్కట్టు పంతులుగోరి కాడ తీసుకో. ఆ కత సెప్పింది ఆయనే గదా!"

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆవిడ ఒళ్ళో తల పెట్టి పడుకున్న పదేళ్ళ కూతురు మాత్రం నవ్వబోయి దగ్గింది. ఆ దగ్గు ఆగేదాకా తల్లి వీపు రాసింది. పిల్లకి క్షయ. టెక్కలి ఆసుపత్రిలో రోజు విడిచి రోజు సూది వేసేవారు. పొద్దున్న చీటీలు ఇవ్వడం ఆపేలోపు వెళ్ళాలి. నెలల తరబడి మానకుండా వేయించాలని, మధ్యలో తప్పితే చేసిందంతా పోతుందని డాక్టరు గట్టిగా చెప్పాడట. తెల్లారి బస్సు ఉంటేనే ఆ వేళకి చేరగలరు. తల్లి పిల్లకి సూది వేయించి, తట్ట సంతలో అమ్ముకుని, మధ్యాహ్నం బస్సులో వెనక్కి వెళ్ళేది. టిక్కెట్టు పట్టుకున్నప్పుడు ఆవిడ బొటనవేలు చూశాను. ఎప్పుడో కత్తిపీటకి తెగి, వేలికి అడ్డంగా ఏటవాలు మచ్చ పడింది.

ఆ ఏడు వానలు వెనకబట్టాక టెక్కలిలో బస్సులు ఆగే చోట ఒక నోటీసు అంటించారు. బస్సుల యజమాని చార్జీలు పెంచుకోవడానికి, కొన్ని ట్రిప్పులు ఎత్తేయడానికి అనుమతి అడిగాడు. భావనపాడులో రాత్రి మకాం, తెల్లారి ట్రిప్పు ఆ జాబితాలో ఉన్నాయి. అక్కడికి ఇక మధ్యాహ్నం ఒక్క బస్సే. రాబడి లేదట. చేపల వాసనకి పలాస ప్రయాణికులు ఎక్కడం లేదట.

టెక్కలి ఉడికిపోయింది. కాఫీ హోటల్లో, కోర్టు దగ్గర, బట్టల కొట్లలో అదే మాట. రోజూ పలాస వెళ్ళే గుమాస్తాలు, జీడిపప్పు వ్యాపారులు ఒక కమిటీ వేశారు. కొండల వైపు గొడవలు మొదలైన రోజులు. పదిమంది ఒకచోట చేరితే పోలీసులు ఆరా తీసేవారు. అందుకని ఊరేగింపు వద్దు, అందరం సంతకాలు పెట్టి మహజరు ఇద్దామన్నారు. నేను లేచి భావనపాడు ట్రిప్పు సంగతి చెప్పాను. కమిటీ పెద్ద, బట్టల షావుకారు, మంచి మనిషే. "అదీ కలుపుదాం మేష్టారూ. కానీ ఆ ఊరి మహజరు మీరే తేవాలి. అక్కడ మీ మాటే నడుస్తుంది" అన్నాడు. అది నిజమేనని నాకు లోపల సంతోషం కూడా కలిగింది.

ఆ రాత్రే కూర్చుని మహజరు రాశాను. పిల్ల జబ్బు గురించి, ఆసుపత్రి వేళల గురించి, పాడైపోయే చేపల గురించి. "ఇందు క్రింద వేలిముద్రలు వేసిన భావనపాడు వాస్తవ్యులము" అని ముగించి, కింద కాగితాల నిండా బద్ద పెట్టి గళ్ళు గీశాను. చేతికి అలవాటైన పని. పైన శ్రీరామ అని కూడా రాశాను. వేలిముద్ర పక్కన పేరు ఉండాలని నాకు తట్టలేదు. రామకోటిలో పేర్లు ఉండవు.

శనివారం భజన అయ్యాక ఆ కాగితాలూ స్టాంపు ప్యాడూ ఊరి పెద్దకి ఇచ్చాను. "తెల్లారి బస్సు కోసం అందరూ వెయ్యండి. ఎన్ని ఎక్కువ పడితే అంత బలం" అన్నాను. ఈ మాట నేనే అన్నాను. ఎవరి మీదా నెట్టడానికి లేదు.

వారం తిరిగేసరికి ఒక్క గడి ఖాళీ లేదు. ఆదివారం బస్సులో ఆ కాగితాలు చేతిసంచిలో పెట్టుకుని కూర్చుంటే, పిల్ల తల్లి వెనక సీట్లోంచి వంగి, "నాను పిల్ల పేరు సెప్పి ఏసినాను బాబూ" అంది. "మంచి పని చేశావమ్మా" అన్నాను. సంచి తెరిచి చూడలేదు.

విచారణ టెక్కలి ట్రావెలర్స్ బంగళాలో జరిగింది. శ్రీకాకుళం నుంచి అధికారి వచ్చాడు. టెక్కలి మహజరు ముందు చూశారు. పేర్లు, వీధులు, సంతకాలు, అన్నీ వరసగా ఉన్నాయి. తరవాత నాది. యజమాని తరఫు ప్లీడరు కాగితాలు తిరగేసి ఒకచోట ఆగాడు. కళ్ళజోడు పైకి తోసుకుని, కాగితాన్ని కిటికీ వెలుగులోకి పట్టుకున్నాడు.

"అయ్యా, ఒక సందేహం. భావనపాడులో అందరికీ బొటనవేలు ఒకేచోట తెగిందా?"

గది గొల్లుమంది. అధికారి కాగితం తీసుకుని చూశాడు. నేను కూర్చున్న చోటికే కనిపించింది. గడి తరవాత గడి, వరస తరవాత వరస, ఏటవాలుగా తెల్లటి గీత. మిగతా పేజీలలోనూ అంతే. ఒక వేలు పదకొండు సార్లు, ఇంకో వేలు ఇరవయ్యొక్క సార్లు. ఊరు ఊరంతా బస్సు కోసం రామకోటి రాసింది.

"ఇది ఎవరు తెచ్చారు?" అన్నాడు అధికారి.

నేను లేచి నిలబడ్డాను. చెప్పాల్సింది రెండు మాటలు. వీళ్ళకి ఇలా నేర్పింది నేను, ఇది మోసం కాదు, ఆ మచ్చ ఉన్న వేలు జబ్బుపిల్ల తల్లిది అని. చుట్టూ ప్లీడర్లు, గుమాస్తాలు, నా దగ్గర చదువుకుని పెద్దవాళ్ళయినవాళ్ళు. శ్రీరామ అని పైన రాసి ఉన్న ఆ కాగితం చూసి ఇంకోసారి నవ్వుతారేమో అనిపించింది. "నేనే తెచ్చానండి" అన్నాను. అక్కడితో ఆగిపోయాను.

"నౌపడా నుంచి చిన్న రైలు ఉంది కదా, వాళ్ళకి?" అని అడిగాడాయన. అది వచ్చేసరికి ఆసుపత్రిలో చీటీలు అయిపోతాయన్నది మహజరులో రాశాను. కానీ ఆ మహజరు అప్పటికే పక్కన పెట్టేశారు.

చివరికి రాజీ కుదిరింది. పలాస చార్జీ అడిగినంత కాకుండా సగమే పెంచుతారు. అందుకు బదులుగా రాబడి లేని ట్రిప్పులు ఎత్తేసుకోవచ్చు. కమిటీవాళ్ళు బయటికొచ్చి ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారు. షావుకారు నా దగ్గరికి వచ్చి, "ఏం చేస్తాం మేష్టారూ, అన్నీ దొరకవు కదా" అన్నాడు. ఆయన కాఫీ ఇప్పిస్తే తాగాను.

తరవాత మూడు శనివారాలు నేను భావనపాడు వెళ్ళలేదు. సాయంత్రం బస్సు లేదు కదా అని ఇంట్లో చెప్పాను. పూజ దగ్గర ఎక్కువసేపు కూర్చునేవాణ్ణి. నామం నోటికి వచ్చేది కానీ లోపలికి దిగేది కాదు. ఎవరికో చెప్పాల్సిన మాట చెప్పకుండా ఎదురుగా కూర్చున్నట్టు ఉండేది.

నాలుగో వారం ఒక పొద్దున్న బడికి వెళ్తుంటే ఆసుపత్రి మలుపులో కావిడి మోసుకొస్తున్న మనిషి ఎదురయ్యాడు. కావిడికి ఒక పక్క చేపల తట్ట. రెండో పక్క ఉట్టిలో కాళ్ళు ముడుచుకుని కూర్చున్న ఆ పిల్ల. తూకం సరిపోక పిల్ల ఒళ్ళో ఒక రాయి పెట్టారు. వెనకాల తల్లి, మోకాళ్ళ దాకా ఉప్పు మళ్ళ బురద.

"బాబూ, ఏటి కనబడ్డం మానేసినారు? ఒంట్లో బాగోనేదా?" అంది.

"ఎప్పుడు బయల్దేరారు?"

"రెండో కోడికి. నిన్నటేల సీటీలు అయిపోనాయన్నారు, తిరిగి పోనాం. మళ్ళీ ఈయేల." పిల్ల వైపు చూసి, "దీనికేటి, రాణీగోరు. పల్లకీ!" అంది. కావిడి దించిన తండ్రి మాత్రం భుజం పట్టుకుని గోడకి ఆనుకున్నాడు.

సాయంత్రం ఇంటికి వచ్చి నా భార్యతో అంతా చెప్పాను. విచారణ గదిలో నోరు విప్పలేదన్న సంగతి కూడా. ఆవిడ బియ్యం ఏరుతూ వింది.

"వాళ్ళు ముందురోజు మధ్యాహ్నం బస్సుకి వచ్చి మన అరుగు మీద పడుకోవచ్చు కదా. పొద్దున్నే సూది, మళ్ళీ మధ్యాహ్నం బస్సుకి ఇంటికి. దీనికి మహజరు ఎందుకండీ?"

ఆ ఆలోచన నాకు రాలేదని అనలేను. వచ్చింది. మడి, మా నాన్నగారు, క్షయ, ఇంట్లో చిన్నపిల్లలు, ఇవన్నీ దానికి ముందే వచ్చి నిలబడ్డాయి. పడవవాణ్ణి స్వామి కౌగిలించుకున్న ఘట్టం చెప్పేటప్పుడు పద్యం రెండేసి సార్లు పాడేవాణ్ణి. అది భావనపాడు మందిరంలో. మా వీధి అరుగు వేరే సంగతి.

నాన్నగారికి ఈ మాట చెప్తే, ముందు జపం పూర్తి చేసుకున్నారు. "అరుగు వీధిలోదే కదా" అన్నారు చివరికి. వాన పడ్డ రోజున మాత్రం ఆయనే లోపలి నుంచి, "వసారాలోకి రమ్మను, తడుస్తున్నారు" అని కేకేశారు.

అలా నడిచింది. తట్టలో పచ్చి చేపలు పోయి ఎండు చేపలు వచ్చాయి. ఆ తట్టని ఆవిడ వీధి చివర గోడ పక్కన పెట్టి వచ్చేది. మేము చెప్పలేదు. చెప్పకుండానే ఆవిడకి తెలుసు. అదీ నాకు కష్టంగానే ఉండేది. కానీ లోపల పెట్టమని కూడా నేను అనలేదు.

ఒక పొద్దున్న పిల్ల మొహం కడుక్కుంటుంటే తల్లి అరుగు దిగి నా దగ్గరికి వచ్చింది.

"బాబూ, ఒక మాట. బస్సు ఎలాగూ రానేదు. నాను ఏసిన నూటెనిమిదీ లెక్కలోకి వొచ్చినట్టేనా?"

నూట ఎనిమిది అని అప్పుడే తెలిసింది. అబద్ధం చెప్పడానికి అది చాలా తేలికైన క్షణం. చెప్పలేకపోయాను.

"రాలేదమ్మా. అక్కడ ఒక మనిషికి ఒక్క వేలే. ఎక్కువ ఉన్నాయని అన్నీ కొట్టేశారు. తప్పు నీది కాదు, నాది. గళ్ళు గీసింది నేను, ఎక్కువ వెయ్యమన్నది నేను. అక్కడ అడిగినప్పుడు చెప్పనిదీ నేనే."

ఆవిడ తన బొటనవేలి వైపు చూసుకుంది.

"అయితే దీనివల్లేనేటి, బస్సు పోయింది?"

"నా వల్ల."

వేలు కొంగుకి తుడుచుకుంది. "ఆ ఆపీసరు ఎంత సదివినాడో గానీ, నామం నూటెనిమిది మార్లు అంటే ఒక్కటే అంతాడేటి?" అని నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది. "మరైతే అయ్యన్నీ ఉత్తినే పోనాయా బాబూ?"

జవాబు కోసం ఆగింది. ఇన్నేళ్ళు పురాణం చెప్పినవాణ్ణి. స్వామి లెక్క వేరని, ఒక్కటీ పోదని చెప్పాలి. నేను దాన్ని నమ్ముతాను, ఇప్పటికీ. కానీ ఆ రోజు బురద కాళ్ళతో కనిపించిన మనిషి ఎదురుగా నిలబడితే ఆ మాట అనే అర్హత నాకు లేదనిపించింది. "తెలీదమ్మా" అన్నాను.

"సీటీలు అయిపోతాయే అమ్మా" అని పిల్ల చెయ్యి పట్టి లాగింది. వెళ్ళిపోయారు.

మధ్యలో తప్పిన సూదుల వల్ల ఇంకొన్ని వారాలు ఎక్కువ పట్టింది. పిల్ల దగ్గు తగ్గింది. తరవాత ఎండు చేపల కళ్ళంలో చేపలు తిరగేస్తూ కనిపించేది, ఎప్పుడూ కొంచెం పీలగానే. తెల్లారి బస్సు నేను ఆ ఊరు వెళ్ళినన్నాళ్ళూ మళ్ళీ వెయ్యలేదు.

ఆవిడ అలా అడిగాక ఒక శనివారం మధ్యాహ్నం, బడికి సెలవు పెట్టి భావనపాడు వెళ్ళాను. భజన అయ్యాక ఎప్పటిలాగే కాగితాల మీద గళ్ళు గీశాను. ఈసారి ప్రతి వరసకీ ఎడమ పక్కన ఒక వెడల్పు గడి వదిలాను.

"అదేటి బాబూ, కొత్తగా?" అన్నారు.

"పేరు రాయడానికి" అన్నాను.

పిల్ల తల్లి మొదట వచ్చి కూర్చుంది. ఎన్నో ఏళ్ళుగా వారం వారం చూస్తున్న మనిషి. మా అరుగు మీద పడుకున్న మనిషి. కలం పట్టుకుని ఆవిడ పేరు అడగాల్సి వచ్చింది.