నీళ్ల మీద ఊరికే పడుకునే పరీక్ష

సముద్రాన్ని చూసిన మొదటి రోజే చెప్పులతో సహా దాంట్లోకి పరుగెత్తాను. ఆ చెప్పులు మళ్లీ దొరకలేదు. దొరక్కపోతే పోనీ! సిరిసిల్లలో సాంచాల చప్పుడు వింటూ పెరిగినదాన్ని. సాంచాలంటే మాకు మరమగ్గాలు. వాటి మధ్య అటూ ఇటూ తిరుగుతూ, తెగిన పోగులు ముడేస్తూ, కూర్చోవడానికి కూడా తీరిక లేకుండా బాపు నన్ను చదివించాడు. కరీంనగర్‌లో డిగ్రీ అయ్యాక స్కాలర్‌షిప్ పుణ్యమా అని సముద్ర జీవశాస్త్రం చదవడానికి ఫిలిప్పీన్స్‌లోని ఈ బుల్లి ఊరికి వచ్చిపడ్డాను.

ఊరంటే ఒకటే రోడ్డు. ఒక పక్క కొబ్బరి చెట్లు, ఇంకో పక్క సముద్రం. క్లాసు గది కిటికీలోంచి అలలు కనిపిస్తుంటే పాఠం మీద మనసు పెట్టమంటారు, అదెలా కుదురుతుంది? పొద్దున్నే కోళ్ల గోల, ఇంటి ఓనరమ్మ వేయించే ఎండు చేపల వాసన, వేడి వేడి అన్నం. పొద్దున్నే అన్నం తినే ఊరని తెలియగానే దీనికి నా మనసు ఇచ్చేశాను. నేను తెచ్చుకున్న కారప్పొడిలో సగం ఓనరమ్మే ఖాళీ చేసింది, ముక్కు చీదుకుంటూ, కళ్లు తుడుచుకుంటూ, ఇంకొంచెం పెట్టమంటూ. పుస్తకాలు చెమ్మకు ఉబ్బిపోతాయి, పక్కలో ఎప్పుడూ ఇసుకే, ఉతికిన బట్టలు ఆరవు. అయినా నాకు రోజూ పండగలాగే ఉండేది.

నెలాఖరున మా క్లాసు పడవలో పగడపు దిబ్బల దగ్గరికి వెళ్తుందన్నారు. నేను ఇంత దూరం వచ్చిందే వాటి కోసం. కానీ పడవెక్కాలంటే ఈత పరీక్ష నెగ్గాలి. నెగ్గనివాళ్లు ఒడ్డున కూర్చుని, మిగతావాళ్లు తీసిన ఫోటోలు చూసి రిపోర్టు రాసుకోవాలి. పకపకా నవ్వాను. నాకా ఈత పరీక్ష? వేములవాడ రోడ్డులో మా చిన్నమ్మవాళ్ల బావిలో, బాపు నా నడుముకు మోకు కట్టి తోసేనాటికి నాకింకా పాలపళ్లే. పై గట్టు మీంచి దూకడంలో మగపిల్లలను ఏడిపించినదాన్ని. ఈ గొప్పలన్నీ క్లాసులో చెప్పేశాను కూడా.

సాధన చేయడానికి నా గదిలో ఉండే అమ్మాయితో కలిసి వెళ్లాను. ఆమెది ఆ దేశమే, నా క్లాసే. ముందు ఈదుకుంటూ పోయింది. కాసేపటికి చూస్తే చేతులు చాచి, వెల్లకిలా, ఉలుకూ పలుకూ లేకుండా నీళ్ల మీద ఉంది. మా బావిలో ఎవరైనా కదలకుండా కనిపిస్తే దానికి ఒకటే అర్థం. "ఓ అవ్వా! పిల్ల మునిగిపోయింది, ఎవలన్న జల్ది రాండ్రి!" అని అక్కడెవరికీ రాని భాషలో గావుకేకలు పెడుతూ వెళ్లి, జుట్టు దొరకబుచ్చుకుని ఒడ్డుకు లాగడం మొదలుపెట్టాను. ఆమె తన్నింది, అరిచింది, చివరికి నా చెయ్యి కొరికింది.

"పడుకున్నాను! ఊరికే పడుకున్నానంతే!"

వలలు బాగుచేసుకుంటున్న జాలర్లు పొట్టలు పట్టుకుని నవ్వారు. ఈత నేర్పే మేడమ్ మాత్రం నవ్వలేదు. పరీక్షలో రెండో భాగం అదేనని చెప్పింది. దూరంగా నీళ్ల మీద తేలుతున్న ఎర్ర బంతిదాకా ఈదాలి, అక్కడ తను ఈల వేసేదాకా కాలూ చెయ్యీ ఆడించకుండా వెల్లకిలా తేలాలి.

అది నావల్ల కాలేదు. ముందు కాళ్లు దిగిపోయేవి, తర్వాత నడుము, ఆ వెంటనే ముక్కులో ఉప్పు నీళ్లు. ఎన్ని సాయంత్రాలు ప్రయత్నించినా అదే తంతు. ఒళ్లు మండి సముద్రాన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. పడవ నన్ను వదిలేసి వెళ్లిపోతుందని భయం పట్టుకుంది. చివరికి నేను జుట్టు పీకిన అమ్మాయే జాలిపడి నా వీపు కింద అరచెయ్యి పెట్టింది.

"మాటిమాటికీ తల ఎందుకు ఎత్తుతున్నావు?"

"గట్టు ఎక్కడుందో చూసుకోవద్దా?"

"ఇక్కడ గట్టు లేదు. మెడ వదిలెయ్."

మెడ వదలడం బావిలోకి దూకడం కంటే కష్టమని నాకప్పుడే తెలిసింది.

పరీక్ష రోజున బంతిదాకా అందరికంటే ముందు వెళ్లాను. వెల్లకిలా తిరిగి, పళ్లు బిగబట్టి, మెడ వదిలేశాను. చెవులు నీళ్లలో మునిగాయి. ఒక్కసారిగా పెనంలో మక్క పేలాలు చిట్లుతున్నట్టు చిటపట, చిటపట! సముద్రం అడుగున చిన్న రొయ్యలు పటకారులాంటి కాళ్లతో చేసే చప్పుడది. పాఠంలో చదివిందే, ఇప్పుడు నా చెవులతో వింటున్నాను! ఆ సంబరంలో ఈల కూడా వినిపించలేదు. మేడమ్ ఈదుకుంటూ వచ్చి భుజం తట్టింది.

"ఇక లే. పాసయ్యావు."

తడి బట్టలతోనే పరుగెత్తుకెళ్లి బాపుకు ఫోన్ చేశాను. వెనక సాంచాల మోత.

"బాపూ, పాసైన! పడవెక్కుతున్న!"

"నాకెర్కనే బిడ్డా! ఏం జేసినవ్? మస్తు దూరం ఈత కొట్టినవా?"

"కొట్టిన గని, అసలు పరీక్ష అది గాదు. కాళ్లు చేతులు ఆడియ్యకుండ నీళ్ల మీద ఊకె పండుకోవాలె. పండుకున్న."



"ఏం జెయ్యకుండనా?"

"ఏం జెయ్యకుండనే."

"మునగలేవా?"

"మునగలే బాపు."

బాపు నవ్వాడు. తర్వాత, ఆ మోతలో నాకు వినపడాలని కాస్త గట్టిగా అన్నాడు.

"ఒచ్చినప్పుడు అది నాకు గూడ నేర్పియ్యి బిడ్డా."