వాయిదా తప్పని లోక్యా

సోనాబాయి భర్త లోక్యా, తమ్ముడు హీరాలాల్ బాన్సువాడలో ఒక కల్లు దుకాణంలో కూలీలు. కల్లులో మత్తు కోసం కలిపే డైజోఫాం పొడిని బస్సు దగ్గర అందుకుని దుకాణానికి చేర్చేవాళ్లు. 1998లో ఒక పొద్దున బస్టాండులోనే ఇద్దరూ పోలీసులకు దొరికిపోయారు. ఒక్కొక్కరి జేబులో చిన్న పొట్లం. యజమాని పేరు కేసులోకే రాలేదు.

ఏడాది దాకా జైల్లో ఉన్నాక బెయిలు వచ్చింది. తండాలో ఇంటికి రాగానే హీరాలాల్ మూట కట్టాడు.

“బావా, వకీలు చెప్పింది ఇన్నవు గద. చిటికెడు దొరికినా పదేండ్లేనట. నడువు, మహారాష్ట్రల దెగ్లూరు దిక్కు పోయి చెరుకు కొట్టుకుందాం.”

లోక్యా చెప్పులు వేసుకున్నాడు. సోనాబాయి గడపకు అడ్డం కూర్చుంది.

“వాడంటే ఒంటోడు. నువ్వు పోతే పోలీసోళ్లు నన్ను, పిల్లలను బతకనిస్తరా? వాయిదాలకు సక్కగ పోతే జడ్జిసారు దయ తలుస్తడు.”

హీరాలాల్ ఒక్కడే వెళ్లాడు. లోక్యా జ్వరంతో ఒళ్లు కాలుతున్నా నిజామాబాద్ వాయిదా తప్పలేదు. 2000లో తీర్పు వచ్చింది. చట్టం ఇంతకన్నా తగ్గనివ్వదంటూ జడ్జి పదేళ్లు వేశాడు.

మరుసటి ఏడు ఆ చట్టమే మారింది. సరుకు కొద్దిగా దొరికితే శిక్ష ఆరు నెలలు దాటకూడదు. ఆ తర్వాతి ఎండాకాలం దెగ్లూరులో పట్టుబడ్డ హీరాలాల్‌ను కొత్త చట్టం కిందే విచారించారు. అంతకుముందే ఏడాది జైల్లో ఉన్నాడు కనుక తీర్పు చెప్పిన రోజే వదిలేశారు. తండాలో మేకను కోశారు.

సోనాబాయి వకీలు సాంబమూర్తి దగ్గరికి పరుగెత్తింది. “గదే పొడి, గదే బస్టాండు. మరి మా ఆయన సంగతేంది సారూ?”

“అతని విచారణ ముందే అయిపోయిందమ్మా. మన అప్పీలు హైకోర్టులో ఉంది గానీ, అప్పీల్లో ఉన్నవాళ్లకి కొత్త చట్టం వర్తించదు. పారిపోయినా బాగుండేది.”

అప్పీలు కొట్టేశారు. ఆమె జైలుకు వెళ్లేసరికి లోక్యాకు అంతా తెలిసిపోయింది.

“హీరాలాల్ ఇంట్లనే పండుకుంటుండా?” అని జాలీ అవతలి నుంచి అడిగాడు.

ఆమె తలూపింది.

“నేను చెప్పులేసుకున్న. నువ్వే అడ్డం కూసున్నవు.”

మళ్లీ ఎన్నిసార్లు వెళ్లినా అతను ములాఖత్‌కు రాలేదు. కోటగిరి మడుల్లో నాట్లు వేస్తూ పిల్లలను ఆమె ఒక్కతే సాకింది.

2009లో లోక్యా నెరిసిన తలతో తండాకు వచ్చాడు. సొంత గడప తొక్కకుండానే పక్కనే ఉన్న హీరాలాల్ ఇంట్లోకి పోయాడు. సోనాబాయి వండి పంపిన గిన్నె పంపినట్టే తిరిగొచ్చింది. కొన్నాళ్లు చూసి హీరాలాలే అడిగాడు.

“అక్కది తప్పేముంది బావా?”

“తప్పు లేదని నాకెరుకే. గానీ ఆమె మొఖం చూస్తే, జడ్జి తీర్పు చదువుతున్నట్లే ఉంటది.”

గోడ ఇవతల సోనాబాయికి ఆ మాట వినబడింది. ఆ పూట నుంచి అతని కోసం బియ్యం కడగడం మానేసింది.