ఎలుకల ఒక్కపొద్దు

ఒక్క మాట ఏళ్ల తరబడి నా గొంతులోనే ఉండిపోయింది. మింగుడు పడదు, బయటికి రాదు. మా ఆయనకు చెప్పలేదు, అమ్మకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నానేమో. పేరు మాత్రం అడగకండి. పేరు చెప్పుకునే ధైర్యమే ఉంటే ఆ రోజే నోరు విప్పేదాన్ని.

అప్పుడు సిద్దిపేట దగ్గర ఒక ఫార్మసీ కాలేజీలో పీజీ చేస్తున్నాను. మిరుదొడ్డి నుంచి బస్సులో వచ్చిపోయేదాన్ని. షుగర్ జబ్బు పేగుల్ని ఏం చేస్తుందన్నది నా పరిశోధన. సూది మందుతో ఎలుకలకు షుగర్ తెప్పిస్తాం. కొన్ని వారాలకు అవి ఎంత తిన్నా చిక్కిపోతుంటాయి, లోపల పేగు మాత్రం లావెక్కుతుంది. ఆ పేగులో తిండి ఎంత వేగంగా కదులుతుందో తెలియాలంటే ఎలుకను పస్తు ఉంచి, జిగురులో కలిపిన బొగ్గుపొడి నోట్లో పోసి, కాసేపయ్యాక చంపి, పేగును బల్ల మీద పరిచి, నలుపు ఎంత దూరం పోయిందో స్కేలుతో కొలవాలి. కడుపు ఖాళీగా లేకపోతే ఆ కొలతకు అర్థం లేదు. దాని చావుకూ అర్థం లేదు.

ఎలుకల గదిని రాజవ్వ చూసుకునేది. మా అమ్మకన్నా కొంచెం పెద్దది. పెద్దమ్మా అని పిలిచేదాన్ని. షుగర్ వచ్చిన ఎలుకలు నీళ్లు తెగ తాగుతాయి, తెగ పోస్తాయి. పొద్దున వేసిన ఊక మధ్యాహ్నానికే తడిసి ముద్దయ్యేది. విసుక్కోకుండా, వాటితో ఏదో ఒకటి మాట్లాడుతూ మార్చేది. నేను కనబడితే డబ్బాలో ఏం కూర తెచ్చుకున్నానని అడిగేది. ఆ గది వాసనకు ముక్కు మూసుకుని బయటి నుంచే జవాబు చెప్పేదాన్ని.

ప్రతి సోమవారం ఆమె ఒక్కపొద్దు ఉండేది. మా వైపు ఒక్కపొద్దంటే పగలంతా ఏమీ తినకుండా ఉండి, పొద్దు గూకాక దీపం పెట్టి అన్నం తినడం. పరీక్ష మంగళవారం పొద్దున. సోమవారం మధ్యాహ్నం ఆ గది తలుపు దగ్గర నిలబడి, “ఇయ్యాల నీకే కాదు పెద్దమ్మా, గీ ఎలుకలకు గూడ ఒక్కపొద్దే. తిండి తీసెయ్” అన్నాను. హాస్యానికే అన్నాను. ఆమె కూడా నవ్వింది. రాత్రికి కూడా పెట్టొద్దని నేను చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? పస్తంటే పస్తే కదా, ఇంకా విడమరిచేదేముంది అనుకున్నాను. ఆమె మాట తీసుకుని ఆమెతోనే మాట్లాడి, అర్థం మాత్రం నా పుస్తకంలోదే ఆమెకు తెలియాలనుకున్నాను.

మర్నాడు అన్ని ఎలుకలకూ వరసగా బొగ్గుపొడి పోశాను. మొదటిదాన్ని కోస్తే కడుపు నిండా దాణా. రెండోదీ అంతే. అయినా చివరిదాకా కోశాను. ఒక్కటీ పనికిరాలేదు.

మా గైడు సార్ నన్నూ రాజవ్వనూ తన గదికి పిలిచారు. కోపం వచ్చి మా సీనియర్‌ను ఏడాది వెనక్కి నెట్టిన మనిషి ఆయన.

“తిండి ఎవరు పెట్టిన్రు?”

“నేనే పెట్టిన సార్,” అంది రాజవ్వ. దాచుకునేదేమీ లేనట్టే చెప్పింది. “ఒక్కపొద్దు అన్నది గద బిడ్డ. పొద్దు గూకినంక ఇడిపియ్యాలె గదా. పాపం, అవి అస్సలే ఆకలికి ఆగయి.”

సార్ నా వైపు తిరిగారు. “ఒక్కపొద్దు అన్నవా నువ్వు?”

“లేదు సార్. రాత్రంత తిండి పెట్టొద్దనే చెప్పిన. ఆమెకు సరిగ్గ ఇనవడలేదేమో.”

నాకు ఇప్పటికీ భయం పుట్టించేది ఏమిటంటే, ఆ అబద్ధం కోసం నేను వెతుక్కోలేదు. నోట్లో సిద్ధంగా ఉన్నట్టు వచ్చేసింది. రాజవ్వ నా ముఖంలోకి చూసింది. అరుస్తుందనుకున్నాను, ఒట్టు పెట్టుకుంటుందనుకున్నాను. ఆమె, “గట్లనే అయ్యుంటది సార్. నాకే ఇనరాలేదేమో” అంది. నన్ను కాపాడాలని అన్నదా? నమ్మి అన్నదా? కాపాడిందనే ఇన్నాళ్లూ అనుకున్నాను. అలా అనుకుంటే నాకు కాస్త హాయిగా ఉండేది.

ఆమెను పనిలోంచి తీసేశారు. ఇంట్లో బీడీలు చుట్టుకుంటోందని తర్వాత ఎవరో చెప్పారు. నాకు కొత్త ఎలుకలు వచ్చాయి, పరీక్ష మళ్లీ చేశాను, పట్టా వచ్చింది. ఇప్పుడు నేనే పాఠాలు చెబుతున్నాను. ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఇది చెప్పడానికి ఇంకా సిగ్గుగా ఉంది. పస్తు గురించి చెప్పే రోజున ప్రతి బ్యాచ్‌కూ ఒక కథ చెప్పేదాన్ని. చెవిటి పెద్దమ్మ ఎలుకలకు విందు పెట్టిన కథ. పిల్లలు పడీ పడీ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. అవసరం లేని చోట ఎందుకు చెప్పాను? పదిమంది నవ్వితే అది నిజమైపోతుందనుకున్నానా?

మొన్నామధ్య సిద్దిపేట బస్టాండులో ఆమె కనబడింది. చేర్యాల బస్సు కోసం నిలబడి ఉంది. కండక్టర్‌ను రెండుసార్లు అడిగింది, ఆయన చెప్పాక పక్కనున్నామెను ‘ఆయన ఏమన్నడు’ అని మళ్లీ అడిగింది. తప్పించుకుని పోదామనుకున్నాను గానీ ఆమే గుర్తుపట్టి నా చెయ్యి పట్టుకుంది. ముఖమంతా సంతోషం. ఇన్నిసార్లు ఎందుకు అడుగుతున్నావు పెద్దమ్మా అన్నాను.

“నా చెవులు మంచిగ లెవ్వు బిడ్డా. మీ కాలేజిల ఉన్నప్పటి సంది గంతే. దవాఖానల చూపిచ్చుకున్న గూడ. మంచిగనే ఉన్నయంటడు డాక్టర్. గాయినకేం ఎరుక? నువ్వు సదువుకున్న పిల్లవు, నాకు ఇనవడలేదని ఊకెనే అంటవా?”

బస్సు వచ్చింది. నేను నోరు తెరిచాను. సామాను ఎక్కించనా పెద్దమ్మా అన్నాను. ఎక్కించాను. అంతే.

ఆమె పని పోయిందని ఇన్నాళ్లూ బాధపడ్డాను. పోయింది పనొక్కటే కాదు. తన చెవుల్ని తాను నమ్మకుండా ఆమె ఇన్నేళ్లు బతికింది, డాక్టర్ మాట కన్నా నా మాటే ఎక్కువని. చేర్యాల ఏమంత దూరం? వెళ్లి చెప్పలేనా? మూడుసార్లు బయల్దేరి వెనక్కి వచ్చాను. రాజవ్వకు చదవడం రాదు. ఇది ఆమెదాకా పోదని తెలిసే రాస్తున్నానేమో, అదీ ఒప్పుకుంటున్నాను. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఎవరో ఒకరికి నిజం చెప్పాలి, అందుకే చెబుతున్నాను. రాజవ్వ సరిగ్గానే విన్నది.