స్లాగ్ గట్టు

నరసింగరావుకి నీళ్లంటే ప్రాణం. శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డున పుట్టి, ఉద్యోగమంతా భిలాయిలో ఉక్కు కాగే చోట చేసిన మనిషికి ఆ ప్రాణం ఎక్కడ పెట్టుకోవాలో చాలాకాలం తెలియలేదు. రిటైరై భిలాయి పక్కనే కోహ్కాలో ఇల్లు కట్టుకున్నాక, పొలాల అవతలి పల్లె చెరువు మీద పెట్టుకున్నాడు. చలికాలం అక్కడికి ఈల వేసే బాతులు గుంపులుగా దిగేవి. మంకీ క్యాప్ తగిలించుకుని పొద్దున్నే వెళ్లి గట్టు మీద కూర్చునేవాడు. ఆ బాతులకున్న విలువ ఈ ఇంట్లో తనకి లేదని ఆయన భార్య గున్నమ్మ వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేది.

ఆ చెరువులో చేపల పాట బిసాహుది. చేపలు పట్టే ఢీమర్ల ఇంట పుట్టినవాడు, పంచాయతీ వేలంలో పాట పాడుకుని, చేపపిల్లల్ని వదిలి పెంచి, సుపేలా బజార్లో అమ్ముకుని బతికేవాడు. అతను ఛత్తీస్‌గఢీలో మాట్లాడితే నరసింగరావు శ్రీకాకుళం యాసతో హిందీలో బదులిచ్చేవాడు. ఇద్దరికీ అర్థం కావలసింది అర్థమయ్యేది. ఒకే అగ్గిపుల్లతో రెండు బీడీలు వెలిగేవి.

అప్పుడే ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రంగా వచ్చింది. రాష్ట్రంతోపాటు సంస్థలూ పుట్టగొడుగుల్లా మొలిచాయి. చెరువుల్ని, పక్షుల్ని కాపాడేవాళ్లకి రాయపూర్‌లో ఓ ట్రస్టు గ్రాంటు ఇస్తోందని తెలిసి నరసింగరావు నలుగురు రిటైర్డు మిత్రుల్ని పోగేసి సంఘం పెట్టాడు. ఎదురింటి మార్టిన్ కూతురు జెన్నీ ఇంగ్లీషులో దరఖాస్తు టైపు చేసి పెట్టింది. తెగి కారిపోతున్న గట్టుని బాగుచేయాలి, బాతులకి నీళ్లు నిలబెట్టాలి, అంతే ఆయన కోరిక. అందులో వంకపెట్టడానికేమీ లేదు.

గ్రాంటు వచ్చింది. కానీ నిద్రపోయి నిద్రపోయి ఫిబ్రవరి చివర్లో వచ్చింది. మార్చి నెలాఖరుకల్లా పని పూర్తిచేసి చూపించకపోతే రెండో వాయిదా ఉండదని షరతు. మట్టి కోసం తిరిగితే ట్రాక్టర్లన్నీ ఇటుక బట్టీలకే తోలుతున్నారు. ఇక మిగిలింది స్లాగ్, ఉక్కు కాగాక మిగిలే చిట్టెం. భిలాయి మనిషికి గుంట కనిపిస్తే చాలు, స్లాగ్ పోసి చదును చేసేదాకా చెయ్యి ఊరుకోదు. రోడ్లకి అదే, ఇళ్ల పునాదులకి అదే. నరసింగరావు కూడా లారీలు మాట్లాడేశాడు.

అయితే ఆయనకి తెలియనిది కాదు. పచ్చి స్లాగ్‌లో సున్నం ఉంటుంది. ఏడాదైనా వానకి నానితే తప్ప దాని కాక పోదు. దాని మీదుగా జారిన నీళ్లలో వట్టికాళ్లతో నడవొద్దని కుర్ర కూలీలని ఆయనే ఎన్నోసార్లు తిట్టాడు. గున్నమ్మ అడగనే అడిగింది.

"వానొస్తే అదంతా చెరువులోకి దిగిపోదేటి?"

"గట్టుకి ఏస్తన్నాం గానీ నీల్లలో ఏస్తన్నామేటి? మార్చి దాటితే మరి డబ్బు రాదే," అన్నాడు నరసింగరావు.

గట్టు లేచింది. ట్రస్టు మేడమ్ వచ్చి మెచ్చుకుని ఫొటోలు తీసుకుంది. జూన్‌లో మొదటి పెద్ద వాన పడింది. చెరువు కుడితిలా తెల్లబడింది. మర్నాటికి చేపలు పొట్టలు పైకి పెట్టి తేలాయి. బిసాహు మొలలోతు నీళ్లలో దిగి, తను పెంచుకున్నవాటిని తనే ఏరి ఒడ్డున పోశాడు. నీటిపిట్ట ఒక్కటి కూడా ఆ దరికి రాలేదు.

చేపల్ని సులువుగా పట్టడానికి బ్లీచింగ్ పౌడర్ కలిపే దొంగలు ఆ చుట్టుపక్కల ఉన్నారు. ఊరు ఆ మాటే పట్టుకుంది. దొరికినవాడే దొంగ కాబట్టి బిసాహు మీద పడింది. పాట రద్దు చేద్దామని గట్టు మీదే పంచాయతీ పెట్టారు. ట్రస్టు మేడమ్ కూడా వచ్చింది. నోరెత్తితే గ్రాంటూ పోతుంది, పరువూ పోతుందని సంఘం పెద్దలు నరసింగరావు చెవిలో ఊదారు. ఆయన మొదట కుక్కిన పేనులా కూర్చున్నాడు. నా చేపల్ని నేనే ఎందుకు చంపుకుంటానని బిసాహు మొత్తుకున్నాడు. ఎవరూ వినకపోతే, రోజూ గట్టు మీదే ఉండే భయ్యాని అడగండని నరసింగరావుని సాక్షిగా చూపించాడు.

ఆ చూపు తగిలాక నరసింగరావు కూర్చోలేకపోయాడు. లేచి నిలబడ్డాడు.

"ఇతను ఏమీ కలపలేదు. స్లాగ్‌లోంచి సున్నం దిగింది. పోయించింది నేను," అని హిందీలో అందరికీ వినబడేలా చెప్పాడు.

మేడమ్ రెండో వాయిదా ఇక రాదని, మంచి పనుల్లో తెలియక ఇలాంటి పొరపాట్లు జరుగుతూనే ఉంటాయని మాత్రం అంది. తెలియక అన్న మాట అందరికీ నచ్చింది. పాట బిసాహుకే ఉంచి జనం లేచిపోసాగారు. నరసింగరావుకి కూడా ఆ మాట చాటునే ఇంటికి పోవాలనిపించింది.

బిసాహు దగ్గరికొచ్చాడు. సున్నపు నీళ్లకి అతని చేతులు పొక్కి ఉన్నాయి.

"నీకు తెలీదు కదా భయ్యా?" అన్నాడు మెల్లగా. అది అడగడం కాదు, బతిమాలడం.

తల ఊపితే సరిపోయేది. నరసింగరావు ఆ చేతుల వైపు చూశాడు.

"తెలుసు," అన్నాడు.

తిడతాడనుకున్నాడు. కొడితే పడదామని కూడా అనుకున్నాడు. బిసాహు తెల్లటి నీళ్ల వైపు చూసి, "ఒక్కమాట ముందు చెప్పి ఉంటే, చేపల్ని పట్టి పక్క ఊరి చెరువులో వదిలేవాణ్ణి కదా భయ్యా. నీ గట్టు నువ్వు కట్టుకునేవాడివి," అన్నాడు.

అంత మాట తనకెందుకు తోచలేదో నరసింగరావుకి అర్థం కాలేదు. బాతుల గురించి ఆలోచించాడు, మార్చి గురించి ఆలోచించాడు, ఆ నీళ్ల మీద బతికే మనిషిని మాత్రం అడగలేదు. మనవలున్న మనిషి, ఆ గట్టు మీదే కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు.