కోట ఖాళీ చేసిన పొద్దు

సముద్రం ఒడ్డున కోట, ఒకే దేశంలో రెండు సైన్యాలు, గుమ్మంలో యుద్ధం. వినడానికి వీరగాథే. కాదని ముందే ఒప్పుకుంటున్నాను. నేను చూసినంతలో ఒక్క తూటా పేలలేదు. పేలిందల్లా మా మెస్ కుక్కరు.

తొంభైల్లో మా కంపెనీ ఒమన్‌లో, సలాలాకు పడమరగా, యెమన్ సరిహద్దు దగ్గర రోడ్డు వేస్తుండేది. అవతలి గుట్ట మీద పాత కోట, అందులో కొద్దిమంది యెమన్ సైనికులు. వాళ్ళు కోటను ఎక్కువగా కాపాడింది మేకల నుంచి. కోట బావిలో ఉప్పునీళ్ళు. అందుకని మా ట్యాంకర్‌లో మిగిలిన నీళ్ళ కోసం ఒక సైనికుడు పికప్‌లో డ్రమ్ములేసుకుని వచ్చేవాడు. వాళ్ళమ్మ పుట్టింది హైదరాబాద్‌లో, యెమన్ అరబ్బులు స్థిరపడిన బార్కస్‌లో.

"క్యా మియా, ఆజ్ భీ ఖట్టీ దాల్ ఇచ్ హై?" అనేవాడు. రోజూ ఆ పుల్లపప్పే ఉండేది. రోజూ తినేవాడు.

ఎండలు ముదిరేసరికి అతని నవ్వు తగ్గింది. నాలుగేళ్ళ కిందట ఒకటైన వాళ్ళ దేశం మళ్ళీ ఉత్తరం, దక్షిణంగా చీలుతోంది. ఇతను దక్షిణపు సైన్యంలో ఉన్నాడు. పని కోసం ఉత్తరానికి వెళ్ళిన తమ్ముడు అక్కడి సైన్యంలో చేరాడు.

"ఛోటే పే బందూక్ కైసా ఉఠాతుం?" అన్నాడు ఒకరోజు, పళ్ళెంలోకి చూస్తూ. తమ్ముడి మీద తుపాకీ ఎలా ఎత్తాలని.

ఒక పొద్దున కోట ఖాళీ చేశారు. సైన్యం కదలడమంటే ఏదో అనుకున్నాను. పరుపులు, స్టవ్వు, కోళ్ళ గంప. అచ్చం అద్దె ఇల్లు మారినట్టే ఉంది. అతను ఖాళీ డ్రమ్ములు మాకిచ్చి వెళ్దామని వచ్చాడు. గుట్ట అవతల రెండు దారులు. ఒకటి వాళ్ళమ్మ ఉన్న ఊరికి, ఇంకొకటి యుద్ధానికి. ఎటని అడగబోయాను. మా వంటాయన, కరీంనగర్ మామ, నా నోరు మూసేశాడు.

"పోయేటోన్ని ఏడికని అడుగుతర్రా? అపశకునం!" అని, అతని వైపు తిరిగి, "పోతున్న అనొద్దు బిడ్డా, పోయొస్త అను" అన్నాడు.

"పోయొస్త," అన్నాడతను, మా యాసలోనే.

వారం తిరక్కుండా రేడియోలో యుద్ధం మొదలైంది. మామ పప్పు ఎప్పటిలాగే ఎక్కువే వండేవాడు. అటువైపు నుంచి వచ్చిన ప్రతి డ్రైవర్నీ అడిగేవాడు. ఎవరికీ తెలియదు.

"ఏడికని ఒక్కమాట అడగకపోతివి గదరా," అన్నాడొకసారి నాతోనే.

నోరు మూసిందెవరో గుర్తుచేద్దామనుకున్నాను. ఆయన మొహం చూసి, ఇంకాస్త పప్పు వెయ్యమన్నాను.

డ్రమ్ములు మెస్ బయటే ఉండిపోయాయి. నీళ్ళు మిగిలిపోతున్నాయని కంపెనీ ట్యాంకర్‌ను రోజు విడిచి రోజు పంపడం మొదలుపెట్టింది.