వారమంతా ఎద్దులు, ఆదివారం విమానం

షాద్‌నగర్ దగ్గరి మా ఊళ్లో విమానం నడపడం నేర్చుకున్న మొదటి మొనగాణ్ని నేనే. రెండోవాడు ఇప్పటిదాకా లేడు, అది వేరే సంగతి. పంతొమ్మిదివందల అరవైల్లో, పట్నంలోని విమానాల క్లబ్బులో సర్కారు ఖర్చు మీద సీటు దొరికింది. షరతు ఒక్కటే: వానలు పడేలోపు ఒక్కణ్నే ఎగిరి దిగాలి. లేకుంటే సీటు పోతుంది.

బాపు, అంటే మా నాన్న, ఆదివారాలు మాత్రమే వదిలేవాడు. ఎండాకాలం కదా, మిగతా రోజులన్నీ చేలకు పెంటఎరువు తోలాలి. "జరంత జరంత తింటెనే అరుగుతది బిడ్డా. ఒక్కసారే మెక్కితె కక్కుకుంటవ్" అనేవాడు.

చిక్కంతా నా కాళ్లతోనే వచ్చింది. బండి కుడికి మళ్లాలంటే ఎడమ ఎద్దును ఎడమకాలితో పొడుస్తాం. అది ముందుకురికితే బండి కుడికి తిరుగుతుంది. విమానంలోనేమో కుడికి పోవాలంటే కుడికాలితోనే పెడలు తొక్కాలి. ఆదివారం సాయంత్రానికి నా కాళ్లకు బుద్ధొచ్చేది. మళ్లీ ఆదివారం వచ్చేసరికి ఎద్దులు ఆ బుద్ధిని కాస్తా మేసేసేవి. నేలకు దిగేటప్పుడు విమానాన్ని కూడా ఎద్దుల్లా "హో... హో" అని ఆపబోయాను.

నేర్పే సారు తల పట్టుకున్నాడు. "కుడికి పొమ్మంటె ఎడమకు పోతవేందయ్యా! ఇంటికాడ ఏం తోల్తవ్?"

"ఎడ్లబండి సార్."

"రోజు వరసపెట్టి రా. లేకుంటె ఆ బండి మీదనే ఉంటవ్ జిందగీ అంత!"

కడుపుమంటతో ఇంటికొచ్చాను. బాపు కొత్త కోడెకు కాడి అలవాటు చేస్తున్నాడు.

"దీని మెడ మీద కాడి ఐతారం ఐతారం పెడ్తె నేరుస్తదా బాపూ?"

"ఎట్ల నేరుస్తదిరా? రోజు పెట్టాలె..." అంటూ మధ్యలోనే ఆగాడు. నన్ను ఎగాదిగా చూశాడు. "సరె, పో. పెంట నేను తోల్త."

అసలే నడుంనొప్పి మనిషి.

పట్నంలో చుట్టాలింట్లో ఉండి రోజూ నేర్చుకున్నాను. తొలి చినుకుకు ముందే ఒక్కణ్నే ఎగిరి దిగాను. దిగి ఏడ్చాను, దాపరికమెందుకు.

ఊరికొచ్చిన మర్నాడు బాపును బండిలో పెంట మీద కూర్చోబెట్టి పగ్గాలు అందుకున్నాను. మలుపులో కుడికి తిరగాలి. దర్జాగా కుడికాలితో తొక్కాను. కుడి ఎద్దు ఒక్కసారిగా ఉరికింది, బండి ఎడమ పక్క గుంతలోకి ఒరిగింది.

బాపు నెత్తినిండా పెంటతో లేచాడు. తిట్లు మొదలవుతాయనుకున్నాను. నా చేతిలోంచి పగ్గాలు లాక్కున్నాడు. సాయంత్రం దాకా ఊళ్లో కనబడ్డవాళ్లందరినీ ఆపి గొప్పగా చెప్పాడు: "మా పిలగానికి ఇగ బండి రాదు!"